రెండు తరాల పిడికిళ్లు

అనంతపురం నుండి గుత్తికి పోయే రహదారి మీద గార్లదిన్నె వున్నది. ఎర్రనేలలు, వేరుశనగ చేలు, వాన కోసం ఆకాశం వంక చూచే రైతులు. ఈ మెట్టసీమలో ఏ ఊరికైనా సరిపోయే వర్ణనే ఆ ఊరికీ సరిపోతుంది. ఆ మండలంలోనే పెనకచర్ల వద్ద పెన్నానదికి కట్టిన ఆనకట్ట వున్నది గాని, దాని నీరు అందని పొలాలన్నీ వాననే నమ్ముకొన్నవి. ఇటువంటి సీమలో పండుగలకూ జాతరలకూ జనం విరగబడి చూచే వినోదం బండలాగుడు. బరువైన రాతిబండకు ఎద్దుల కాడిని కట్టి, నిర్ణయించిన కాలంలో అది బండను ఎంత దూరం లాగినదో కొలుస్తారు. ఆ పోటీలో వాదానికి తావు తక్కువ. బండ ఒక్కటే, కాలం ఒక్కటే, నేల ఒక్కటే. ఎవరు గెలిచినదీ కొలత చెబుతుంది.

మనుషుల విషయంలో ఈ సుఖం లేదు. ముఖ్యంగా ఇద్దరు వీరులు వేరు వేరు కాలాలకు చెందినవారైనప్పుడు ఒకే బండను ఇద్దరి ముందూ పెట్టడం సాధ్యం కాదు. ముష్టియుద్ధంలో, అనగా బాక్సింగ్‌లో, మన దేశపు స్త్రీలు ప్రపంచఖ్యాతి గడించిన ఈ రోజులలో ఇటువంటి ప్రశ్న ఒకటి తరచు వినవస్తున్నది. మణిపురానికి చెందిన మేరీ కోమ్ గొప్పదా, మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ గొప్పదా? రేడియో వార్తలలో ఈ రెండు పేర్లూ విన్న గృహస్థులు భోజనాల వేళ ఈ సంగతి చర్చించుకొనే వుంటారు. అభిమానం కొద్దీ తీర్పు చెప్పడం సులభం. అయితే తూచడానికి తగిన తూనిక ఏదో ముందుగా తేల్చుకొంటే మంచిదని మేము తలచినాము.

ముందు ముష్టియుద్ధం అంటే ఏమిటో కొంత తెలుసుకొనవలె. చూచేవారికి అది చేతుల యుద్ధంగా కనబడుతుంది. నిజానికి గుద్దు పుట్టేది పాదంలో. వెనుక కాలు నేలను తన్నగా పుట్టిన ఊపు నడుము తిరగడంతో పెరిగి, భుజం మీదుగా ముంజేతిలోకి ప్రవహించి, చివరకు పిడికిలి వద్ద వెలువడుతుంది. రోకలి పోటు వేసే స్త్రీ చేతులతో మాత్రమే దంచదు. ఒళ్లంతా లేచి ఒళ్లంతా దిగుతుంది. అందువల్లనే కండలు తిరిగిన మనిషి కొట్టిన దెబ్బ కంటె, అడుగు సరిగా పడిన సన్నని మనిషి కొట్టిన దెబ్బ గట్టిగా తగలవచ్చును. కాలు తడబడితే గుద్దులో సగం బలం నేలపాలే.

రెండవ సంగతి గెలుపు నిర్ణయం. డబ్బు కోసం ఆడే వృత్తి బాక్సింగ్ వేరు, ఒలింపిక్ క్రీడలలో ఆడే బాక్సింగ్ వేరు. ఒలింపిక్ పద్ధతిలో ఎదుటివారిని పడగొట్టడమే పరమార్థం కాదు. పిడికిలి ముందుభాగంతో, నడుముపట్టీకి పైభాగాన శరీరానికి గాని, తల ముందువైపున, పక్కలను గాని స్పష్టంగా తగిలిన దెబ్బలకే విలువ. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నుండి చాలా ఏండ్లు న్యాయనిర్ణేతలు మీట నొక్కి దెబ్బలను లెక్కించే యంత్ర పద్ధతి నడిచినది. 2013 నుండి ఆ పద్ధతి పోయి, ప్రతి రౌండులోను మెరుగైన వారికి 10, రెండవ వారికి 9 లేక అంతకు తక్కువ ఇచ్చే పద్ధతి వచ్చినది. ఐదుగురు న్యాయనిర్ణేతలు విడివిడిగా అంకెలు వేస్తారు. ఐదుగురూ ఒకరివైపే మొగ్గితే దానిని 5-0 అంటారు.

మూడవది బరువు. ఎద్దులకు వయస్సును బట్టి, పండ్లను బట్టి విభాగాలు చేసినట్లే, ముష్టియోధులకు శరీరపు బరువును బట్టి విభాగాలు వుంటవి. రెండు మూడు కిలోల తేడా మనకు లెక్కలోనిది కాదు గాని, 48 కిలోల మనిషికి అది పెద్ద తేడా. ఎదుటివారి చేయి పొడవు, ఎత్తు, దెబ్బ బరువు అన్నీ మారిపోతవి. ఈ విషయం జ్ఞాపకం వుంచుకొంటే మేరీ కోమ్ కథ బాగా అర్థమవుతుంది.

ఇక తూనిక మాట. వేరు వేరు కాలాల వీరులను పోల్చే తగవు మనకే కొత్త కాదు. అమెరికాలో జాక్ డెంప్సీ, జో లూయీ అనే ఇద్దరు హెవీ వెయిట్ వీరులను గురించి ఎన్నో దశాబ్దాలు ఈ వాదం నడిచినది. ఇద్దరూ పిడుగుల వంటి గుద్దులకు పేరుపడినవారు. ఇద్దరి కీర్తికీ రేడియో తోడైనది. 1921 జూలై 2న డెంప్సీ ఫ్రాన్సు వీరుడు కార్పెంతియేను నాల్గవ రౌండులో పడగొట్టిన పోటీ, క్రీడాచరిత్రలో రేడియో ద్వారా ప్రసారమైన తొలి పోటీలలో ఒకటి. 1938 జూన్ 22న జో లూయీ జర్మనీ వీరుడు మాక్స్ ష్మెలింగ్‌ను మొదటి రౌండులోనే, రెండు నిమిషాలు దాటిన కొద్ది క్షణాలకే ఓడించగా, కోట్లమంది రేడియోల ముందు కూర్చుండి ఆ వార్త విన్నారు.

గుద్దు బలంలో వీరిద్దరికీ హెచ్చుతగ్గులు చెప్పడం కష్టం. తేడా మరొక చోట వున్నది. డెంప్సీ 1919 నుండి 1926 వరకు విజేత. ఆ కాలమంతటా హ్యారీ విల్స్ అనే నల్లజాతి వీరుడు తనకు ఒక్క అవకాశం ఇమ్మని కోరుతూనే వున్నాడు. ఆ పోటీ జరగనే లేదు. అందులో తప్పు డెంప్సీదా, పోటీలు నడిపే పెద్దలదా, ఆ నాటి సంఘానిదా అన్నది వేరే చర్చ. విల్స్‌కు మాత్రం బరి దొరకలేదు. జో లూయీ కూడ నల్లజాతివాడే. అతడు 1937లో విజేత అయి, 1949 వరకు ఆ బిరుదు నిలుపుకొన్నాడు. ఆ కాలంలో 25 సార్లు బిరుదును పణంగా పెట్టి పోరాడినాడు. పేరున్నవాడనీ పేరు లేనివాడనీ చూడకుండా ఎందరినో బరిలోనికి రానిచ్చినాడు.

ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తూనిక దొరుకుతున్నది. ఒక వీరుడు ఎంత గట్టిగా కొట్టినాడన్నది అతని కాలంతోనే పోతుంది. అతని తరువాతివారికి బరిలోనికి దారి వున్నదా లేదా అన్నది మిగిలిపోతుంది. ఈ తూనికతోనే మన ఇద్దరు వీరవనితలను చూద్దాం.

మేరీ కోమ్ మణిపురంలో చురాచాంద్‌పూర్ జిల్లాలోని కాంగథెయ్ అనే పల్లెలో పుట్టినది. తల్లిదండ్రులు పరుల పొలాలలో కష్టపడి బ్రతికినవారు. చిన్ననాడు ఆమెకు పరుగుపందెం, బల్లెం విసరడం వంటి ఆటలే తెలుసు. 1998లో బాంకాక్ ఆసియా క్రీడలలో మణిపురానికే చెందిన డింకో సింగ్ ముష్టియుద్ధంలో బంగారు పతకం గెలిచినప్పుడు ఆ రాష్ట్రపు పిల్లలకు కొత్త ఉత్సాహం కలిగినది. మేరీ కూడ ఇంఫాల్ చేరి బాక్సింగ్ మొదలుపెట్టినది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. 2000లో ఆమె రాష్ట్రస్థాయి విజేత అయి, పత్రికలో బొమ్మ పడిన తరువాతనే తండ్రికి సంగతి తెలిసినది. ముఖం చితికితే పిల్లకు పెండ్లి ఎట్లా అని ఆ తండ్రి బాధపడినాడట. ఏ జిల్లాలోని తండ్రి అయినా అట్లాగే బాధపడేవాడేమో.

స్త్రీలకు ప్రపంచ బాక్సింగ్ పోటీలు మొట్టమొదట జరిగినదే 2001లో, అమెరికాలోని స్క్రాంటన్ నగరంలో. అందులో మేరీ కోమ్ రజత పతకం పొందినది. మరుసటి ఏడు టర్కీలోని అంతాల్యలో బంగారు పతకం. తరువాత 2005లో రష్యాలోని పొడోల్స్క్, 2006లో ఢిల్లీ, 2008లో చైనాలోని నింగ్బో, 2010లో బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్. ఈ నాలుగు చోట్లా బంగారమే. 2007లో ఆమెకు కవలపిల్లలు పుట్టినారు. బాలింత అయిన తరువాత బరి మాటేమిటని లోకం అనుకొంటుండగా నింగ్బోలో గెలిచి వచ్చినది.

అయితే ఇన్ని పతకాలు గెలిచినా ఒలింపిక్స్ ద్వారం మాత్రం మూసే వున్నది. స్త్రీల బాక్సింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చినది 2012 లండన్ క్రీడలలోనే. అప్పుడైనా మూడు బరువు విభాగాలకే చోటు ఇచ్చినారు: 51 కిలోలు, 60 కిలోలు, 75 కిలోలు. మేరీ కోమ్ ప్రపంచ పోటీలలో గెలిచినవన్నీ 45, 46, 48 కిలోల విభాగాలు. తనకు అలవాటైన బరువు ఒలింపిక్స్‌లో లేనే లేదు. అందుచేత తన కంటె ఎత్తూ బరువూ వున్నవారితో 51 కిలోల విభాగంలో పోరాడవలసి వచ్చినది. ఆ స్థితిలో కాంస్య పతకం సాధించినది. సెమీఫైనలులో ఆమెను 11-6తో ఓడించిన ఇంగ్లండు వనిత నికోలా ఆడమ్స్ ఆ విభాగపు స్వర్ణం గెలిచినది. మూడవ బిడ్డ పుట్టిన తరువాత 2014 ఇంచియోన్ ఆసియా క్రీడలలో స్వర్ణం, 2018లో ఢిల్లీలో ఆరవ ప్రపంచ స్వర్ణం మేరీ ఖాతాలో చేరినవి. ప్రపంచ పోటీలలో ఆరు బంగారు పతకాలు గెలిచిన తొలి వనిత ఆమె. పురుషులలో ఆ ఘనత క్యూబా వీరుడు ఫెలిక్స్ సవోన్‌ది.

ఇక మన తెలుగునాటి కథ. నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాదులో పుట్టినది. మేరీ కోమ్ మొదటి ప్రపంచ పతకం గెలిచేనాటికి ఆమెకు ఐదేండ్లు. తండ్రి జమీల్ అహమ్మద్ స్వయంగా ఆటగాడు. కూతురిని మొదట పరుగుపందేలకు తీసుకొనిపోయినాడు. ఆ మైదానంలో రకరకాల ఆటలు నేర్చుకొనే ఆడపిల్లలు కనబడినారు గాని బాక్సింగ్ నేర్చుకొనే ఆడపిల్ల కనబడలేదు. ఆడపిల్లలు ఈ ఆట ఎందుకు ఆడరని బాలిక తండ్రిని అడిగినదట. ఆ ప్రశ్నతోనే ఆమె చదువు మొదలైనదని చెప్పవచ్చును. శంసముద్దీన్ అనే శిక్షకుని వద్ద, మగపిల్లల నడుమ తొలి పాఠాలు నేర్చినది. బంధువులూ ఇరుగుపొరుగూ పొట్టి దుస్తులను గురించి మాటలనకపోలేదు. తండ్రి ఆ మాటలను లెక్కపెట్టలేదు. మేరీ తండ్రికి తెలియకుండా బాక్సింగ్ నేర్చినది. నిఖత్ తండ్రి చేయి పట్టుకొనిపోయి నేర్పించినాడు. ఈ ఇద్దరు తండ్రుల నడుమ వున్న తేడాలో మేరీ కోమ్ గెలుపుల పాలు కొంత వున్నదని మేము తలుస్తున్నాము.

2009లో నిఖత్ విశాఖపట్నం చేరి, ద్రోణాచార్య పురస్కారం పొందిన ఐ. వెంకటేశ్వరరావు శిక్షణలో ఆరితేరినది. 2011లో పదునాలుగేండ్ల ప్రాయంలో చిన్నవయస్సు బాలికల ప్రపంచ పోటీలలో విజేత అయినది. అది జరిగినది టర్కీలోని అంతాల్యలో, మేరీ కోమ్ తొలి ప్రపంచ స్వర్ణం గెలిచిన ఊరిలోనే. తరువాతి బాట నున్నగా సాగలేదు. 2017లో భుజం కీలు తప్పి చాలా నెలలు బరికి దూరమైనది. ఆమె చేరవలసిన విభాగంలో మేరీ కోమ్ అప్పటికే పర్వతం వలె నిలిచి వున్నది. వయస్సులో పదమూడేండ్లు పెద్ద, కీర్తిలో అంతకు ఎన్నో రెట్లు పెద్ద.

ఇక్కడనే మన కథకు ముడి పడినది. 2019 అక్టోబరులో రష్యాలోని ఉలాన్ ఉడేలో జరిగిన ప్రపంచ పోటీలలో మేరీ కోమ్ 51 కిలోల విభాగంలో కాంస్యం గెలిచినది. టోకియో ఒలింపిక్స్‌కు అర్హత పోటీలు దగ్గర పడినవి. ఆ విభాగంలో దేశం తరఫున ఒక్కరే వెళ్లవలె. మేరీ కోమ్‌ను ఎంపిక పోటీ లేకుండానే పంపవచ్చునన్న మాట బాక్సింగ్ సమాఖ్య నుండి వినవచ్చినది. అప్పుడు నిఖత్ కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజూకు బహిరంగంగా లేఖ వ్రాసినది. తనను పంపమని కోరలేదు. మేరీ కోమ్ అంటే తనకు చిన్ననాటి నుండి స్ఫూర్తి అని చెప్పుకొన్నది. మైకేల్ ఫెల్ప్స్ వంటి మహా ఈతగాడు సైతం ఒలింపిక్స్‌కు ప్రతిసారీ అర్హత పోటీలో నిలిచి గెలిచి వెళ్లినాడని గుర్తుచేసి, తనకూ ఒక న్యాయమైన పోటీ కావలెనని మాత్రం అడిగినది.

దేశంలో గొప్ప కలకలం పుట్టినది. ఆరుసార్లు ప్రపంచాన్ని గెలిచిన వనితను మళ్లీ పరీక్షకు నిలబెట్టడం అవమానమని కొందరన్నారు. పరీక్ష లేని ఎంపిక ఎంపికే కాదని మరికొందరన్నారు. చివరకు ఎంపిక పోటీ పెట్టినారు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఇద్దరూ బరిలో ఎదురుబొదురుగా నిలిచినారు. మేరీ కోమ్ 9-1తో స్పష్టంగా గెలిచినది. పోటీ ముగిసిన తరువాత ఇద్దరి నడుమ ఆలింగనమైనా జరగలేదు. కోపం బరిలోనే చల్లారలేదు. పత్రికలు ఆ చల్లారని కోపాన్నే పెద్ద అక్షరాలలో వేసినవి.

ఈ సంగతిని మేము గార్లదిన్నెలో ఒక వృద్ధరైతుతో ప్రస్తావించినాము. ఆయనకు బాక్సింగ్ తెలియదు గాని ఎద్దులు తెలుసు. అంతా విని ఆయన ఇట్లా అన్నాడు: "పోయిన ఏడు గెలిచిన కాడిని ఈ ఏడు బండకు కట్టకుండానే బహుమానం ఇస్తామంటే ఎట్లప్పా? గెలిచే కాడి అయితే మళ్లీ లాగుతుంది. లాగినంక దాని పేరు ఇంకా పెద్దదవుతుంది గదా!" ఆ మాట మాకు ఎన్నో వ్యాసాల కంటె విలువైనదిగా తోచినది. ఎంపిక పోటీలో నిలవడం వల్ల మేరీ కోమ్‌కు నష్టం జరగలేదు. తన స్థానం తనదేనని అందరి ముందు నిరూపించుకొన్నది. నిఖత్ ఓడినా ఆమె అడిగిన న్యాయం గెలిచినది. తరువాత మేరీ కోమ్ అర్హత సాధించి టోకియో వెళ్లి, 2021లో అక్కడ ఒక పోటీ గెలిచి, రెండవ పోటీలో కొలంబియా వనిత ఇంగ్రిత్ వలెన్సియా చేతిలో స్వల్ప తేడాతో ఓడినది.

ఓటమి తరువాత నిఖత్ ఏమి చేసినదన్నది చూడవలె. ఫిర్యాదులతో కాలం గడపలేదు. శరీరాన్నీ ఆటనూ బాగుచేసుకొన్నది. 2022 మే 19న టర్కీలోని ఇస్తాంబుల్‌లో ప్రపంచ పోటీల 52 కిలోల తుదిపోరులో థాయిలాండుకు చెందిన జుతామాస్ జిత్పోంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయినది. మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖల తరువాత ప్రపంచ స్వర్ణం గెలిచిన అయిదవ భారత వనిత ఆమె. అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో 50 కిలోల స్వర్ణం, 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం వనిత న్గుయెన్ థి తామ్‌పై 5-0 గెలుపుతో రెండవ ప్రపంచ స్వర్ణం. ఒకటి కంటె ఎక్కువసార్లు ప్రపంచ స్వర్ణం గెలిచిన భారత వనితలలో మేరీ కోమ్ తరువాతి పేరు నిఖత్ జరీన్‌దే. ఇస్తాంబుల్ విజయానికి మేరీ కోమ్ అభినందనలు తెలిపినది. పాత పట్టింపు అంతటితో సమసిపోయినది.

విజయాలు చెప్పి ఓటములు దాచడం ధర్మం కాదు. 2023లో జరిగిన హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో నిఖత్‌కు కాంస్యమే దక్కినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటి పోరు గెలిచి, రెండవ పోరులో చైనా వనిత వూ యూ చేతిలో 0-5తో ఓడినది. ఆ వూ యూయే ఆ విభాగపు స్వర్ణం గెలిచినది. ఒలింపిక్ పతకం అనే ఒక్క గీటురాయి మీద చూస్తే మేరీ కోమ్‌దే పైచేయి.

అంకెలను మాత్రమే పేర్చితే ప్రశ్న తేలిపోయినట్లే కనబడుతుంది. ప్రపంచ స్వర్ణాలు ఒకరివి ఆరు, మరొకరివి రెండు. అయితే బండ ఒక్కటే కాదని మొదటనే చెప్పుకొన్నాము. మేరీ కోమ్ లండన్‌లో ఆడినది రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు. నిఖత్ ఇస్తాంబుల్‌లో, ఢిల్లీలో ఆడినవి మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. మేరీ కాలంలో చాలావరకు దెబ్బలను యంత్రం లెక్కించినది. నిఖత్ పెద్ద పోటీలలో రౌండు మొత్తాన్ని తూచి పదింట అంకెలు వేసినారు. మొదటి పద్ధతిలో చురుకుగా తాకి తప్పుకొనేవారికి మేలు. రెండవ పద్ధతిలో రౌండంతా తమ ఆటనే నడిపించేవారికి మేలు. ఎడమచేతి వాటంతో, సన్నని శరీరంతో, మెరుపు వలె దూసుకొనిపోయి వరుస గుద్దులు గుద్దడం మేరీ పద్ధతి. ఎత్తునూ చేయి పొడవునూ వాడుకొని దూరం నిలిపి, సూటి గుద్దులతో ఎదుటివారిని వెనుకకు నెట్టడం నిఖత్ పద్ధతి. ఒక్కొక్కరి విద్య వారి వారి కాలపు నియమాలకు తగినట్లు పండినది.

మరొక తేడా కూడ గమనింపదగినది. స్త్రీల విభాగాలు లండన్‌లో మూడు. టోకియోలో అయిదు. పారిస్‌లో ఆరు. మేరీ కోమ్ తన బరువు లేని చోట పోరాడవలసి వచ్చినది. నిఖత్ కాలానికి 50 కిలోల విభాగం ఒలింపిక్స్‌లో వున్నది. దారి వెడల్పైనది. దారి వెడల్పైన కొద్దీ నడిచేవారూ పెరిగినారు, పోటీ కూడ పెరిగినది. తొలినాళ్లలో కొన్ని దేశాల వారే ఆడిన ఆటను ఇప్పుడు ఎన్నో దేశాల స్త్రీలు ఆడుతున్నారు. కనుక ఆరు గొప్పా రెండు గొప్పా అన్నది వట్టి కూడికతో తేలే లెక్క కాదు.

మా తీర్పు ఇది. సాధనలో, ఓర్పులో, ఇరువది ఏండ్ల పాటు నిలకడగా గెలిచిన ఘనతలో మేరీ కోమ్ పెద్దది. ఆమె బరిలో దిగేనాటికి మన ఆడపిల్లలకు ఈ ఆటలో బాట లేదు. ముండ్లను తొక్కి ఆమె బాట వేసినది. అది ఆమె వదలిన ఆస్తి. నిఖత్ జరీన్ వదలుతున్న ఆస్తి వేరు. బాట వేసినవారి మీద ఎంత భక్తి వున్నా, ఆ బాట ఒక్కరి సొత్తు కారాదని ఆమె నిలబడి అడిగినది. అడిగి, ఓడి, అలుగక, మళ్లీ సాధన చేసి గెలిచినది. మొదటిది లేనిదే రెండవది పుట్టదు. రెండవది లేనిదే మొదటిది ముందుకు సాగదు. 2023లో ఢిల్లీలో నిఖత్‌తో పాటు నీతూ ఘంఘస్, స్వీటీ బూరా, లవ్లీనా బొర్గోహైన్ కూడ ప్రపంచ స్వర్ణాలు గెలిచినారు. ఒకే పోటీలో నాలుగు బంగారు పతకాలు. బరిలోనికి దారి తెరచి వుంటే జరిగే మేలు ఇది.

ఈ దారిలో తెలుగువారి అడుగులు నిఖత్‌తోనే మొదలు కాలేదు. విశాఖపట్నానికి చెందిన నగిశెట్టి ఉష ఆమెకు ముందే ప్రపంచ పోటీలలో రజతం గెలిచినది. 2020లో ఆమెకు ధ్యాన్‌చంద్ పురస్కారం లభించినది. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు నెలకొల్పిన క్రీడాగ్రామం పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, హాకీ, ఫుట్‌బాల్, జూడో వంటి ఆటలు నేర్పినది. 2010లో స్పెయిన్ వీరుడు రఫెల్ నడాల్ పేరిట టెన్నిస్ పాఠశాల కూడ ఈ కరవుసీమలోనే ఆరంభమైనది. కరవు పంటను ఎండగట్టవచ్చును గాని పిల్లల కాళ్లలోని పరుగును ఎండగట్టలేదు. వారికి కావలసినవి మైదానం, శిక్షకుడు, న్యాయమైన ఎంపిక. ఈ మూడింటిలో మొదటి రెండూ లేవని మనం తరచు వాపోతాము. మూడవది లేకపోయినా మొదటి రెండూ వృథా అని మాత్రం మరచిపోతాము.

జిల్లా జట్టును ఎంపిక చేసే పెద్దలకూ, పాఠశాల పోటీలు నడిపే ఉపాధ్యాయులకూ, మా పిల్లను ఆటలకు పంపవలెనా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకూ ఈ రెండు జీవితాలలో పాఠం వున్నది. పేరున్న పిల్ల వున్నదని కొత్త పిల్లను ఇంటికి పంపివేయకండి. ఒక్కసారి ఇద్దరినీ బరిలో నిలబెట్టండి. పేరున్న పిల్ల గెలిస్తే ఆమె పేరు పెరుగుతుంది. కొత్త పిల్ల గెలిస్తే దేశానికి మరొక పేరు దొరుకుతుంది. ఓడినవారికి మరుసటి ఏడు ఎట్లాగూ వున్నది.

గార్లదిన్నె వృద్ధరైతు మాటకు మేము చేర్చగలిగినది ఇంతకంటె లేదు. గెలిచిన కాడిని మళ్లీ బండకు కట్టవలె. ఎంత కీర్తి వచ్చినా దాని కాణికి బండ మోకు తగిలించుకోవలసిందే. అప్పుడే జనం కేకలకు అర్థం, అప్పుడే కొలతకు గౌరవం.